మజిల్‌లోడర్‌లో పెల్లెట్లు: పెట్టె కొనడం నుంచి గొట్టం కడగడం దాకా

ఒహాయోలో జనవరి మొదటి వారం. పొలం మీద మంచు గట్టిగా పట్టి ఉంది. 60 గజాల దూరంలో ఒక ఆడజింక పక్కకు తిరిగి నిలబడింది. ట్రిగ్గర్ నొక్కాను. మందును అంటించే చిన్న క్యాప్, అంటే ప్రైమర్, 'టప్' మంది, అంతే. పొగ లేదు, చప్పుడు లేదు. జింక తల ఎత్తి చూసి, తెల్లతోక పైకి లేపి చెట్లలోకి వెళ్ళిపోయింది. తుపాకీ మూతిని నేల వైపే పట్టుకుని రెండు నిమిషాలు కదలకుండా కూర్చున్నాను.

ఇంటికొచ్చి, గొట్టాన్ని వెనక మూసి ఉంచే మరబిళ్ళ, అంటే బ్రీచ్ ప్లగ్ విప్పి చూస్తే, దాని పక్కనే ఉన్న మందు బిళ్ళ, అంటే పెల్లెట్ మెత్తబడిపోయింది. వేలితో నొక్కితే తడిసిన బొగ్గులా అంటుకుంది. ముందురోజు సాయంత్రం, మందు దట్టించిన తుపాకీని ప్రైమర్ మాత్రం తీసేసి వెచ్చటి ఇంట్లోకి తెచ్చాను. చల్లటి ఇనుముకు వెచ్చటి గాలి తగిలి గొట్టం లోపల చెమ్మ పట్టింది. దానికి తోడు ప్లగ్ సందులో పాత నూనె మిగిలిపోయింది. రెండూ నా తప్పులే. పెల్లెట్లు వాడితే పని చాలా సులువని అందరూ అంటారు. నిజమే, కానీ తగ్గేది మందు కొలిచే పని ఒక్కటే. మిగతాదంతా ఎప్పటిలాగే మన చేతుల మీదే నడవాలి. ఆ మిగతా పని గురించే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇది అమెరికాలో ఉంటూ, హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేసి, లైసెన్సు తీసుకుని వేటకు వెళ్ళే తెలుగువాళ్ళ కోసం. ఆంధ్ర, తెలంగాణల్లో ఉన్నవాళ్ళు దీన్ని తెలుసుకోవడానికి మాత్రమే చదవండి. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నిషిద్ధం, లైసెన్సు లేని నాటు తుపాకీ దగ్గర ఉంచుకోవడం కూడా నేరమే.

కొన్ని మాటలు ముందుగా

గొట్టం మూతి నుంచి మందు, ఆ తర్వాత గుండు దట్టించి కాల్చే తుపాకీ మజిల్‌లోడర్. మన ఏజెన్సీ ఊళ్ళలో నాటు తుపాకీ అనేదీ ఈ పద్ధతిదే. బ్లాక్ పౌడర్ అంటే సురేకారం, బొగ్గు, గంధకం కలిసిన పాతకాలపు తుపాకీ మందు. తెలుగులో 'నల్లమందు' అంటే అర్థం మారిపోతుంది కాబట్టి బ్లాక్ పౌడర్ అనే రాస్తాను. మందును గ్రెయిన్లలో కొలుస్తారు, ఒక పౌనుకు 7,000 గ్రెయిన్లు. బ్లాక్ పౌడర్‌కు బదులు వాడే మందును సబ్‌స్టిట్యూట్ అంటారు. దాన్ని ముందే కొలిచి, బిళ్ళగా నొక్కి, మధ్యలో రంధ్రం పెట్టి అమ్మితే అది పెల్లెట్.

ఒక సంగతి చాలామందికి తెలియదు. పెట్టె మీద '50 గ్రెయిన్లు' అని ఉన్న పెల్లెట్‌ను త్రాసులో వేస్తే 50 తూగదు. ఘనపరిమాణం లెక్కన 50 గ్రెయిన్ల బ్లాక్ పౌడర్‌కు సమానం అని దాని అర్థం. అందుకే పెల్లెట్‌ను తూచి, ఆ లెక్కతో వేరే మందు పోయకూడదు.

ఇవి ఎక్కడి నుంచి వచ్చాయి

బ్లాక్ పౌడర్‌ను చట్టం పేలుడు పదార్థంగా చూస్తుంది కాబట్టి రవాణా, నిల్వ నియమాలు కఠినం. చిన్న దుకాణాలు దాని జోలికే పోవు. ఆ ఇబ్బంది తగ్గించడానికి 1970ల్లో డాన్ పావ్‌లాక్ పైరోడెక్స్ కనిపెట్టాడు. 1977లో వాషింగ్టన్ రాష్ట్రంలోని తన ప్లాంటులో జరిగిన ప్రమాదంలో ఆయన చనిపోయాడు. తర్వాత ఆ మందును కాన్సస్‌లోని హాడ్జ్‌డన్ కంపెనీ నిలబెట్టింది. మందు దగ్గర అజాగ్రత్త పడబోయిన ప్రతిసారీ నాకు పావ్‌లాక్ గుర్తొస్తాడు. దాని గుణం ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు కదా.

1985లో మిస్సోరీకి చెందిన టోనీ నైట్ తన ఎంకే-85 రైఫిల్‌తో ఇన్‌లైన్ తుపాకీలను వేటగాళ్ళకు దగ్గర చేశాడు. వీటిలో ప్రైమర్ గొట్టానికి సరిగ్గా వెనక ఉంటుంది, మంట నేరుగా మందులోకి దూసుకెళ్తుంది. పెల్లెట్లకు కావలసింది అదే. 1990ల్లో పైరోడెక్స్ పెల్లెట్లు, ఆ తర్వాత గంధకం లేని ట్రిపుల్ సెవెన్ పెల్లెట్లు వచ్చాయి. ఐఎంఆర్ పేరుతో తెల్లటి వైట్ హాట్స్ కూడా వచ్చాయి. కొత్తవాటిలో ట్రిపుల్ సెవెన్ ఫైర్‌స్టార్ ఒకటి. దీని మధ్య రంధ్రం గుండ్రంగా కాకుండా నక్షత్రం ఆకారంలో ఉంటుంది. మంట తగిలే చోటు పెరిగి మందు తొందరగా, సమానంగా అంటుకోవాలని అలా చేశారు.

2020లో ఫెడరల్ కంపెనీ ఫైర్‌స్టిక్ అని ఇంకొకటి తెచ్చింది. ఇది పెల్లెట్ కాదు. కొలిచిన మందును ప్లాస్టిక్ గొట్టంలో సీలు చేసి, తుపాకీ వెనక నుంచి పెడతారు, గుండు మాత్రం మూతి నుంచే దిగుతుంది. తడి భయం తక్కువ. కానీ అది ట్రెడిషన్స్ నైట్రోఫైర్ లాంటి, దానికోసమే చేసిన తుపాకీలోనే నడుస్తుంది. కొన్ని రాష్ట్రాల మజిల్‌లోడర్ సీజన్లో దాన్ని ఒప్పుకోరు.

2021లో గోయెక్స్ బ్లాక్ పౌడర్ ప్లాంటు మూతపడుతుందన్న వార్త రాగానే చాలామంది కంగారుగా సబ్‌స్టిట్యూట్ల వైపు తిరిగారు. మోడల్ రాకెట్లు చేసే ఎస్టెస్ ఆ తర్వాత దాన్ని కొన్నది. ఇలాంటి సమయంలో తొందరపడి ఏది దొరికితే అది కొని తుపాకీలో వేయడం మాత్రం మంచిది కాదు.

మొదటి మెట్టు: చట్టం

ఈ భాగం దాటేయకండి. పెల్లెట్ల విషయంలో రాష్ట్రానికీ రాష్ట్రానికీ తేడా చాలా ఎక్కువ. కొలరాడో మజిల్‌లోడర్ సీజన్లో పెల్లెట్లు నిషేధం. గుండు చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు, అంటే సాబో, అదీ నిషేధమే. స్కోపు కూడా పెట్టకూడదు. ఐడహో, ఓరెగన్‌లలో కూడా మజిల్‌లోడర్లకే కేటాయించిన సీజన్లలో వదులు మందే, అంటే బిళ్ళగా నొక్కని మందే వాడాలి. ఒహాయోలో పెల్లెట్లతో నిశ్చింతగా వేటాడిన మనిషి, అదే సంచీతో కొలరాడోకు ఎల్క్ అనే పెద్ద జింక కోసం వెళ్తే నేరం చేసినట్టే. పెన్సిల్వేనియాలో క్రిస్మస్ తర్వాత వచ్చే సీజన్ చెకుముకి రాయితో పేలే ఫ్లింట్‌లాక్ తుపాకీలకే. అందులో పెల్లెట్లు ఎలాగూ సరిగ్గా అంటుకోవు. నియమాలు మారుతుంటాయి కాబట్టి ప్రతి ఏడూ ఆ రాష్ట్రం వేట నియమాల పుస్తకం తెరిచి చూడండి.

మనవాళ్ళకు ఇంకో మాట చెప్పాలి. ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బీ లాంటి వలసేతర వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. మామూలు మజిల్‌లోడర్లు చాలావరకు ఫెడరల్ చట్టంలోని 'ఫైర్‌ఆర్మ్' నిర్వచనంలోకి రావు, కానీ రాష్ట్ర చట్టాలు వేరుగా ఉండొచ్చు. గ్రీన్‌కార్డ్ లైన్లో ఉన్నవాళ్ళు దుకాణంలో కౌంటరు వెనక మనిషి మాట మీద నడవకండి. కొనకముందే ఇమ్మిగ్రేషన్ లాయరును అడగండి. ఒక గంట ఫీజుకు వెనకాడి ఏళ్ళ కష్టాన్ని పణంగా పెట్టవద్దు.

రెండో మెట్టు: మీ తుపాకీకి పెల్లెట్ సరిపడుతుందా

209 అనే రకం ప్రైమర్‌తో పేలే ఇన్‌లైన్ తుపాకీ అయితే దాదాపు సరిపడుతుంది. పక్కన గుర్రం (సుత్తిలా కొట్టే భాగం) ఉండి, నిపుల్ అనే చిన్న మొన మీద క్యాప్ పెట్టే పాతరకం తుపాకీలో వాడకండి. వాటిలో చాలావాటికి గొట్టం అడుగున సన్నటి గది ఉంటుంది. పెల్లెట్ దాని అంచు మీదే ఆగిపోతుంది, కింద ఖాళీ మిగులుతుంది. క్యాప్ మంట ఆ ఖాళీ దాటి రావాలి. ఆ తుపాకీలకు వదులు మందే మంచిది.

పెల్లెట్ వ్యాసం కాలిబర్‌కు, అంటే గొట్టం లోపలి వెడల్పుకు తగ్గట్టు ఉంటుంది. .50 కాలిబర్ తుపాకీకి .50 పెల్లెట్ మాత్రమే కొనండి. ఎన్ని పెల్లెట్లు వేయొచ్చో తుపాకీ మాన్యువల్‌లోనూ పెల్లెట్ల పెట్టె మీదా రాసి ఉంటుంది. ఈ రెండింటిలో ఏది తక్కువైతే అదే మీ హద్దు. ప్రకటనల్లో మూడు పెల్లెట్లు, 150 గ్రెయిన్లు అని ఊరిస్తారు. ఒహాయో చెట్లలో వైట్‌టెయిల్ జింకకు రెండు 50 గ్రెయిన్ల పెల్లెట్లు చాలు. మూడోది భుజానికి దెబ్బ, పొగ పెంచుతుంది. గురి కూడా చెదురుతుంది.

స్మోక్‌లెస్ పౌడర్, అంటే ఇప్పటి రైఫిల్ తూటాల్లో ఉండే మందు, మజిల్‌లోడర్‌లో చెంచాడు కూడా పోయకండి. గొట్టం చీలి చేతివేళ్ళు, కళ్ళు పోతాయి. తయారీదారు ప్రత్యేకంగా స్మోక్‌లెస్‌కని చేసి ఇచ్చిన తుపాకీ తప్ప దీనికి మినహాయింపు లేదు.

మూడో మెట్టు: నాలుగింటినీ జతగా ఎంచుకోవడం

పెల్లెట్, ప్రైమర్, గుండు, బ్రీచ్ ప్లగ్: ఈ నాలుగూ ఒక కుటుంబం. ఒకటి మారిస్తే మిగతా మూడూ మీకు కొత్తే. నేను చూసిన 'ఈ తుపాకీ గురి బాలేదు' గొడవల్లో ఎక్కువ ఇక్కడే మొదలయ్యాయి.

పైరోడెక్స్ సులువుగా అంటుకుంటుంది. ఒక చివర నల్లటి పూత ఉంటుంది. మంట త్వరగా పట్టుకోవడానికి పెట్టిన ఆ చివర ప్రైమర్ వైపు, అంటే అడుక్కి దిగాలి. తలకిందులుగా వేస్తే పేలడం ఆలస్యం కావొచ్చు. మిగతా రకాల్లో ఏ చివర కిందికో పెట్టె మీద చూసుకోండి. పైరోడెక్స్‌లో గంధకం ఉంటుంది, కాల్చాక దీపావళి మర్నాటి వాకిలి వాసన వస్తుంది. మసి ఎక్కువ, తుప్పూ తొందరగా పడుతుంది. ట్రిపుల్ సెవెన్ శక్తి కొంచెం ఎక్కువ. వాసన ఉండదు, మామూలు నీళ్ళతోనే శుభ్రమవుతుంది. దానికి ఒక చెడ్డ గుణం ఉంది, కింద చెప్తాను. బ్లాక్‌హార్న్ 209 బాగుంటుందని చాలామంది అంటారు, నిజంగా బాగుంటుంది. కానీ అది పెల్లెట్ కాదు, వదులు మందు. దానికి బలమైన ప్రైమర్, తగిన ప్లగ్ కావాలి.

గుండు విషయంలో, .50 ఇన్‌లైన్‌కు సాబోలో కూర్చున్న 250 గ్రెయిన్ల గుండుతో మొదలుపెట్టండి. ఇన్‌లైన్లలో ఎక్కువవాటికి గొట్టం లోపలి మరలు 28 అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయి. పొడవాటి గుండుకు అదే సరి. పాతకాలపు గుండ్రటి సీసపు గుండు వీటిలో సరిగ్గా పోదు.

ప్రైమర్లలో షాట్‌గన్ తూటాలకు చేసిన 209లు వేడిగా ఉంటాయి. మజిల్‌లోడర్‌కని చేసిన 209లు కొంచెం మెత్తగా ఉంటాయి. ట్రిపుల్ సెవెన్ పెల్లెట్లతో నాకు రెండోరకమే బాగా కుదిరింది.

నాలుగో మెట్టు: గురి సాధన చేసే రేంజిలో

సీజన్‌కు నెల ముందే వెళ్ళండి. ముందు గొట్టం ఖాళీ అని తేల్చుకోవాలి. మందు, గుండు దట్టించే కడ్డీని, అంటే ర్యామ్‌రాడ్‌ను ఖాళీ గొట్టంలో అడుగుదాకా దింపి, మూతి దగ్గర కడ్డీ మీద ఒక గీత గీయండి. తర్వాత రెండు పెల్లెట్లు, గుండు సరిగ్గా కూర్చోబెట్టి రెండో గీత గీయండి. ఈ రెండు గీతలు మీ తుపాకీకి ప్రాణం. మొదటిది 'ఖాళీ' అని చెప్తుంది. రెండోది 'గుండు మందు మీద ఆనింది' అని చెప్తుంది. గుండుకూ మందుకూ మధ్య సందు ఉండగా కాల్చితే గొట్టం ఉబ్బొచ్చు, పగలొచ్చు. గుండు గానీ పెల్లెట్ల సంఖ్య గానీ మారిస్తే గీత మళ్ళీ గీయండి.

నూనె తుడిచాక మూతిని గడ్డిపరక దగ్గర పెట్టి, ఖాళీ గొట్టం మీద ఒక ప్రైమర్ పేల్చండి. గడ్డి కదిలితే మంట దారి తెరుచుకున్నట్టు. కదలకపోతే ప్లగ్‌లో నూనె గానీ మసి గానీ ఉంది. ఆ జనవరి ఉదయం నేను చేయకుండా వదిలేసిన పని ఇదే.

ఇప్పుడు పెల్లెట్లు. ఒక్కొక్కటిగా మూతిలోంచి వదలండి. అంచు విరిగినది, పగులు ఉన్నది పక్కన పెట్టేయండి. సగం చేసి వేయొద్దు. రెండు కంపెనీలవి కలపొద్దు. గుండును మూతిలో పెట్టి, ఒకే ఒత్తిడితో నెమ్మదిగా కిందికి దించండి. ర్యామ్‌రాడ్‌ను ఎత్తి రోకలిలా దంచితే పెల్లెట్ లోపల పొడి అవుతుంది, ప్రతి గుండూ వేరే వేగంతో పోతుంది. ఈ పనంతా జరిగేటప్పుడు మూతి మీదికి ముఖం గానీ ఛాతీ గానీ రానివ్వకండి. గీత చూసుకున్నాక, మూతి గురి వైపు తిప్పి, అప్పుడు మాత్రమే ప్రైమర్ పెట్టండి.

మొదటి గుండు కాల్చాక ట్రిపుల్ సెవెన్ చెడ్డ గుణం బయటపడుతుంది. రెండో గుండు దించుతుంటే, మెత్తగా జారుతున్న కడ్డీ అడుగుకు కొంచెం పైన ఉన్నట్టుండి గట్టిగా ఆగుతుంది. చేతికి గరుకుగా తెలుస్తుంది, రాయి మీద రాయి రుద్దినట్టు. మందు కాలిన చోటికి కాస్త ముందు మసి గట్టిపడి ఉంగరంలా పేరుకోవడమే దానికి కారణం. కొత్తవాళ్ళు 'అడుగుకు చేరింది' అనుకుని అక్కడే వదిలేస్తారు. గీత మాత్రం అబద్ధం చెప్పదు, ఇంకా పైనే ఉంటుంది. బలంగా నొక్కేకంటే, ప్రతి గుండుకూ మధ్య తడిపిన గుడ్డముక్క ఒకసారి, తర్వాత పొడి గుడ్డముక్క రెండువైపులా తిప్పి ఒకసారి గొట్టంలో నడపండి. గుడ్డ తడిగా ఉంటే చాలు, నీళ్ళు కారకూడదు. మెత్తటి ప్రైమర్ వాడితే ఈ ఉంగరం చాలావరకు తగ్గుతుంది.

50 గజాల దగ్గర మొదలుపెట్టి 100కు వెళ్ళండి. వేటలో మొదటి గుండు శుభ్రమైన, చల్లటి గొట్టంలోంచి పోతుంది. కాబట్టి అలాంటి గొట్టంలోంచి వెళ్ళిన గుండు ఎక్కడ తగిలిందో పుస్తకంలో విడిగా రాసుకోండి. నా మటుకు 100 గజాలు దాటితే ట్రిగ్గర్ మీద వేలు పెట్టను. గాయపడ్డ జింకను రాత్రంతా వెతకడం కంటే, దాన్ని వదిలేసి వట్టి చేతులతో రావడం మేలు.

ఐదో మెట్టు: వేట రోజు

సీజనంతా తుపాకీని చలిలోనే, తాళం వేసిన చోట ఉంచండి. వెచ్చటి ఇంట్లోకి, బయటికి తిప్పడమే చెమ్మకు మూలం. బండి ఎక్కేముందు ప్రైమర్ తీసేయండి. చాలా రాష్ట్రాల్లో ప్రైమర్ లేని మజిల్‌లోడర్‌ను ఖాళీ తుపాకీగా లెక్కేస్తారు, మీ రాష్ట్రం మాట పుస్తకంలో చూడండి. మర్నాటికి అదే మందు ఉంచాలా అంటే, నేను ఉంచను. సాయంత్రం సురక్షితమైన మట్టిగట్టులోకి కాల్చేసి, శుభ్రం చేసి, పొద్దున కొత్త పెల్లెట్లు వేస్తాను. రెండు పెల్లెట్ల ఖర్చు పెద్ద ఖర్చు కాదు.

వాన, మంచు ఉంటే మూతికి పలచటి ఎలక్ట్రికల్ టేప్ ఒక పొర అంటించండి. గుండు కంటే ముందు తోసుకొచ్చే గాలే దాన్ని ఎగరగొడుతుంది. రెండో దఫాకు కావలసిన పెల్లెట్లు, గుండు మూత ఉన్న స్పీడ్ లోడర్ గొట్టంలో, ప్రైమర్లు వేరే జేబులో ఉంచండి. ఒహాయోలో ఈ సీజన్లో నారింజరంగు చొక్కా తప్పనిసరి.

కాల్చగానే ముందంతా తెల్లటి పొగ కమ్మేస్తుంది, జింక ఎటు వెళ్ళిందో కనిపించదు. రెండడుగులు పక్కకు జరిగి చూడండి. అది ఆఖరుసారి కనిపించిన చెట్టును గుర్తు పెట్టుకోండి. కదలకముందే మళ్ళీ మందు దట్టించుకోండి.

పేలకపోతే

టెన్షన్‌లో చాలామంది వెంటనే తుపాకీ తెరుస్తారు. ఇదే అన్నిటికంటే ప్రమాదం. మందు లోపల నెమ్మదిగా రాజుకుని కొన్ని క్షణాల తర్వాత పేలొచ్చు. మూతిని సురక్షితమైన వైపే పట్టుకుని కనీసం రెండు నిమిషాలు ఆగండి. తర్వాత ప్రైమర్ తీసి, కొత్తది పెట్టి మళ్ళీ ప్రయత్నించండి. అప్పుడూ పేలకపోతే మళ్ళీ అంతే ఆగి, ప్రైమర్ తీసేసి, బ్రీచ్ ప్లగ్ విప్పి, పెల్లెట్లను వెనక నుంచి రాల్చి, గుండును మూతి వైపు నుంచి ర్యామ్‌రాడ్‌తో వెనక్కి నెట్టేయండి. ప్లగ్ ఊడే తుపాకీకి ఉన్న పెద్ద సుఖం ఇదే. ప్లగ్ బిగుసుకుపోయి ఉంటే బలవంతం చేయకుండా తుపాకీలు బాగుచేసే గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్ళండి.

ఆరో మెట్టు: కడగడం, దాచడం

అదే రోజు కడగాలి. రేపు అనుకుంటే రేపటికే గొట్టంలో ఎర్రటి మచ్చ కనిపిస్తుంది. సబ్‌స్టిట్యూట్ మందు మసి గాల్లో తేమను పీల్చుకుంటుంది, ఆ తేమే ఇనుమును తింటుంది. ప్లగ్ విప్పి వేడి సబ్బునీళ్ళలో నానబెట్టండి. గొట్టంలో తడి గుడ్డముక్కలు తెల్లగా వచ్చేదాకా నడపండి. ట్రిపుల్ సెవెన్‌కు ఉత్త నీళ్ళు చాలు. బ్లాక్‌హార్న్ వాడేవాళ్ళు మాత్రం నీళ్ళు కాకుండా మామూలు తుపాకీ సాల్వెంట్ వాడాలి. ప్లగ్ మధ్య మంట దారిలో గట్టిపడ్డ మసిని, సరిపడే సన్నటి డ్రిల్ బిట్‌తో, మెషిన్ లేకుండా చేత్తోనే తిప్పి తీయండి. రంధ్రం పెద్దది కాకూడదు. బాగా ఆరాక ప్లగ్ మరల మీద, అవి బిగుసుకుపోకుండా యాంటీ సీజ్ గ్రీజు రాసి బిగించండి, గొట్టంలో పలచగా నూనె పట్టించండి.

పెల్లెట్లను వాటి సొంత డబ్బాలోనే, మూత గట్టిగా బిగించి, పిల్లలకు అందని, వేడి తగలని, తాళం ఉన్న పొడి చోట ఉంచండి. డబ్బా తెరిచిన తేదీ మూత మీద రాసుకోండి. నేను ఒక సీజన్లో తెరిచిన డబ్బాను మరుసటి ఏడు రేంజిలోనే వాడేస్తాను. వేటకు కొత్తది తెరుస్తాను.

కడిగిన పది రోజులకు తుపాకీని ఒకసారి బయటికి తీసి, ఖాళీ అని గీతతో చూసుకుని, పొడి గుడ్డముక్క నడపండి. నూనె రంగులోనే వస్తే లోపల పెట్టేయండి. ఇటుక రంగు అంటుకుని వస్తే ఆ సాయంత్రమే మళ్ళీ నీళ్ళు కాచండి.